బూమ్ స్టాండు వెనక ఎంత బరువు కట్టాలి? మైకు మెల్లగా కిందికి జారిపోతోంది

కొత్తచెవి
అందరికీ నమస్కారం. డ్రమ్స్ మీద ఓవర్‌హెడ్ (పైనుంచి సౌండు పట్టే మైకు) పెట్టడానికి మామూలు మూడు కాళ్ల బూమ్ స్టాండు, అదే నిలువు గొట్టం మీద అడ్డ కడ్డీ ఉండేది, వాడుతున్నాను. మైకు పెద్ద డయాఫ్రమ్ కండెన్సర్. షాక్ మౌంట్ (అదురు తగలకుండా మైకుని రబ్బర్ల మీద పట్టుకునేది), కనెక్టరుతో కలిపి కాటా మీద పెడితే 900 గ్రాములు తూగింది. క్లచ్ (కడ్డీని గొట్టం పైన పట్టి ఉంచే బిగింపు కీలు) ఎంత బిగించినా పాట అయ్యేసరికి మైకు వేలెడంత కిందికి దిగుతోంది. జరుగుతున్నప్పుడు కంటికి ఆనదు గానీ, మొదటి టేకూ చివరి టేకూ పక్కపక్కన పెట్టి వింటే సింబల్ సౌండు తేడా తెలిసిపోతుంది. పైగా స్టాండు మొత్తం ముందుకు ఒరిగినట్టు ఉంటుంది. ఎవరైనా దగ్గరగా నడిస్తే చాలు, టెన్షన్.

క్లచ్ నుంచి మైకు దాకా 80 సెం.మీ., వెనక మిగిలిన కడ్డీ 30 సెం.మీ. కడ్డీ బరువు సుమారు 600 గ్రాములు. వెనక చివర బరువు కట్టమంటున్నారు. ఎంత కట్టాలో లెక్క ఏమైనా ఉందా, లేక చేతికి వచ్చింది కట్టెయ్యడమేనా?

ఇనుపకడ్డీ
లెక్క ఉంది, కష్టం కూడా కాదు. వెనక రాయి కట్టిన ఏతం ఎలా పనిచేస్తుందో ఇదీ అంతే. బరువుని దూరంతో హెచ్చవేస్తే అటూ ఇటూ సమానం రావాలి.

మైకు వైపు: 0.9 కేజీలు ఇంటూ 80 అంటే 72. కానీ చాలామంది కడ్డీ బరువు మర్చిపోతారు. మీ కడ్డీ మొత్తం 110 సెం.మీ., దాని మధ్య బిందువు మైకు చివర నుంచి 55 దగ్గర ఉంటుంది. అంటే క్లచ్‌కి 25 సెం.మీ. ముందు. 0.6 ఇంటూ 25 అంటే ఇంకో 15. మొత్తం 87. వెనక 30 సెం.మీ. దగ్గర దాన్ని ఆపాలంటే 87ని 30తో భాగించండి: 2.9 కేజీలు. 900 గ్రాముల మైకు కోసం మూడు కేజీల ఇనుము పైకెక్కించడం ఎవరికీ ఇష్టం ఉండదు.

అందుకని బరువు కోసం వెతికే ముందు క్లచ్ వదులు చేసి కడ్డీని వెనక్కి లాగండి. ముందు 65, వెనక 45 ఉండేలా పెట్టండి. ఇప్పుడు మైకుది 58.5. కడ్డీ మధ్య బిందువు క్లచ్‌కి 10 సెం.మీ. ముందే ఉంది కాబట్టి దానిది 6. మొత్తం 64.5, 45తో భాగిస్తే 1.43 కేజీలు. కడ్డీని 15 సెం.మీ. జరిపితే కట్టాల్సిన బరువు సగానికి పడిపోయింది. స్టాండుని ఆ 15 సెం.మీ. డ్రమ్స్ వైపు జరపడానికి చోటు ఉందా లేదా అన్నదే ప్రశ్న.

ఇసుకసంచి
ఇంత లెక్కలెందుకు బాస్. ఓ ఇసుక సంచి కాళ్ల మీద వేసెయ్, స్టాండు కదలదు. సినిమా షూటింగుల్లో అందరూ చేసేది అదే.

మూడోకాలు
ఇసుకసంచి గారూ, మీరు చెప్పింది తప్పు కాదు, కానీ కొత్తచెవి గారికి ఉన్నవి రెండు రోగాలు, మీరు మందు ఇచ్చింది ఒకదానికే. మైకు కిందికి జారడం క్లచ్ దగ్గర జరిగే పని. కాళ్ల మీద ఇసుక కాదు, ఏనుగుని కూర్చోబెట్టినా క్లచ్‌కి ఆ సంగతి తెలియదు. స్టాండు ఒరగడం కాళ్ల దగ్గర జరిగే పని. దానికి ఇసుక పనికొస్తుంది. వెనక కట్టే బరువు మొదటిదాన్ని పూర్తిగా, రెండోదాన్ని కొంతవరకు తీరుస్తుంది.

ఇక ఒరగడం గురించి. కాళ్లు ఏ దిక్కుకి ఉన్నాయో ముందు చూడండి. సమాన దూరంలో పరిచిన మూడు కాళ్లలో ఒక్కో కాలు మధ్య నుంచి 35 సెం.మీ. వెళ్లిందనుకుందాం. కాలి దిక్కులో మీకు 35 సెం.మీ. ఆసరా ఉంది. రెండు కాళ్ల మధ్య దిక్కులో మాత్రం అందులో సరిగ్గా సగం, 17.5 సెం.మీ. మాత్రమే. ఇది త్రిభుజం స్వభావం, ఏ కంపెనీ స్టాండైనా మారదు.

మీ అంకెలతోనే చూద్దాం. నిలువు గొట్టం, కాళ్లు కలిపి 3 కేజీలు అనుకుంటే, వెనక బరువేమీ లేకుండా మొత్తం భారం మధ్య బిందువు 87ని 4.5తో భాగిస్తే వస్తుంది: దాదాపు 19 సెం.మీ. ముందుకు. మైకు రెండు కాళ్ల మధ్య దిక్కులో ఉంటే హద్దు 17.5. అంటే ఎవరూ తగలకుండానే పడిపోవాలి. ఒక కాలుని మైకు కిందికి తిప్పితే హద్దు 35, నిలబడుతుంది. మీ స్టాండు ఇంకా పడలేదంటే కాలు కాస్తో కూస్తో మైకు వైపు ఉండి ఉంటుంది. రూపాయి ఖర్చు లేని పని ఇది, ముందు ఇది చెయ్యండి.

కొత్తచెవి
ఇప్పుడే వెళ్లి చూశాను. కాలు పూర్తిగా మైకు కింద లేదు, కొంచెం పక్కకి ఉంది. కిక్ డ్రమ్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కాలు అడ్డం వస్తోందని అలా పెట్టారు. తిప్పగానే ఒరిగినట్టు ఉండటం పోయింది. జారడం మాత్రం అలాగే ఉంది, మీరన్నట్టే.

ఒక సందేహం. కడ్డీని అడ్డంగా ఉంచి బరువు సరిచూసుకుని, తర్వాత మైకుని పైకి ఎత్తి కడ్డీ ఏటవాలుగా పెడితే మళ్లీ బరువు మార్చాలా?

ఇనుపకడ్డీ
అక్కర్లేదు. కడ్డీ వంగినప్పుడు ముందు వైపు అడ్డదూరం ఎంత వంతున తగ్గుతుందో వెనక వైపూ అదే వంతున తగ్గుతుంది. 60 డిగ్రీలు ఎత్తితే రెండూ సగమవుతాయి. తూకం తూకంలాగే ఉంటుంది.

అయితే చిన్న మెలిక. చాలా స్టాండుల్లో కడ్డీ క్లచ్ ఇరుసుకి సరిగ్గా మధ్యలోంచి పోదు, రెండు మూడు సెం.మీ. పైనుంచి పోతుంది. అలాంటప్పుడు అడ్డంగా ఉన్నంతసేపు తూగినట్టే ఉండి, కొంచెం వంచగానే ఆ వంచిన వైపుకే ఇంకా వెళ్లాలని చూస్తుంది. అందుకని క్లచ్‌ని పూర్తిగా వదిలెయ్యకూడదు. బరువు సరిగ్గా కుదిరితే రెండు వేళ్లతో బిగించినంత చాలు, అంతే.

పాతబూమ్
క్లచ్ మాట వచ్చింది కాబట్టి నాలుగు ముక్కలు. "ఎంత బిగించినా" అన్నారు చూడండి, అక్కడే నాకు గుండె గుభేల్‌మంటుంది. క్లచ్ లోపల రెండు బిళ్లలు ఒకదాన్నొకటి ఒరుసుకుని పట్టుకుంటాయి. కొన్నింటిలో రబ్బరు, కొన్నింటిలో ఫైబర్ వాషర్. బలం కొద్దీ బిగిస్తూ పోతే ఆ వాషర్ నున్నబడి మెరుపు తేలుతుంది, తర్వాత ఇంకా ఎక్కువ బిగించాల్సి వస్తుంది, చివరికి పిడి మర చెడిపోతుంది. ఒకసారి విప్పి వాషర్ చూడండి. నూనె, మురికి అంటితే స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వండి. బిగుసుకుపోయిందని అక్కడ నూనె చుక్క వేసేవాళ్లని చూశాను. ఒరిపిడితో పనిచేసే చోట నూనె వేస్తే ఇక పట్టుకునేది ఏముంటుంది?

పిడిని ఏ పక్కన పెడుతున్నారో కూడా చూసుకోవాలి. బిగించే మర నేరుగా క్లచ్ ఇరుసే అయితే, మైకు బరువు కడ్డీని కిందికి లాగే దిక్కూ మర బిగుసుకునే దిక్కూ ఒకటే కావాలి. పిడి వైపు నిలబడి చూస్తే మైకు మీ కుడి చేతి వైపు ఉండాలి. మైకు కిందికి దిగితే అది గడియారం ముల్లు తిరిగే దిక్కు, మర ఇంకా బిగుస్తుంది. ఎడమ వైపు ఉంటే జారే కొద్దీ తనే వదులవుతుంది. లైట్లు మోసే సీ-స్టాండుల దగ్గర ఇది మొదటి పాఠం. మైకు స్టాండుల దగ్గర ఎందుకో ఎవరూ చెప్పరు.

కొత్తచెవి
పిడి వైపు నుంచి చూస్తే మైకు ఎడమ వైపు ఉంది! కడ్డీని తీసి అటు తిప్పి ఇటు పెట్టి చూస్తాను.

తీగలపని
వెనక బరువుని అందరూ మెచ్చుకుంటున్నారు, నేను కాస్త అడ్డం తిరుగుతాను. తూకం కుదిరిందంటే స్టాండు భద్రంగా ఉన్నట్టు కాదు. మీరు 1.43 కేజీలు కట్టారు సరే. అది ఎక్కడుంది? 1.8 మీటర్ల ఎత్తులో. మైకు, కడ్డీ, బరువు కలిపి దాదాపు 3 కేజీలు నెత్తి మీద ఉన్నాయి. కింద 3 కేజీల స్టాండు, దాని భారం మధ్య బిందువు అర మీటరు ఎత్తులో అనుకోండి. మొత్తం కలిపితే మధ్య బిందువు 1.14 మీటర్ల ఎత్తుకి వెళ్తుంది. రెండు కాళ్ల మధ్య దిక్కులో 17.5 సెం.మీ. ఆసరాతో అది దాదాపు 9 డిగ్రీలు ఒరిగితే చాలు, పడిపోతుంది. నిశ్చలంగా ఉన్నంతసేపు చక్కగా తూగే స్టాండు, గిటారు వైరు కాలికి తట్టుకున్న మరుక్షణం పడుతుంది.

అదే స్టాండుకి నేల దగ్గర 7 కేజీల ఇసుక సంచి వెయ్యండి. మధ్య బిందువు 55 సెం.మీ.కి దిగుతుంది, పడే కోణం 17 డిగ్రీలు దాటుతుంది. దాదాపు రెట్టింపు. కాబట్టి నన్నడిగితే వెనక బరువు మైకు కోసం, కింద బరువు మనుషుల కోసం. ఒకటి ఉంది కదా అని రెండోది మానెయ్యకూడదు. పిల్లలు తిరిగే చోటైతే ఇసుక సంచి లేకుండా నేను కేబుల్ కూడా పెట్టను.

ఇసుకసంచి
చూశారా, నేను మొదటే చెప్పాను 🙂

మూడోకాలు
సగమే చెప్పారు లెండి 🙂

ఆ సంచి వేసే తీరుకీ ఓ పద్ధతి ఉంది. కాలి మీద వేలాడాలి, నేలకి ఆనకూడదు. సగం సంచి నేల మీద పడుకుని ఉంటే ఆ సగాన్ని మోసేది నేల, స్టాండుకి అది లేనట్టే. నిలువు గొట్టానికి దగ్గరగా, రెండు అరలూ కాలికి చెరో పక్క పడేలా వెయ్యండి. ఒక కాలు మైకు కింద ఉన్నప్పుడు ముందుకు పడే భయం తక్కువ, పక్కలకి పడే భయమే ఎక్కువ. అందుకే కాలి చివర కన్నా మధ్యలో వెయ్యడం మేలు.

నిశ్శబ్దం
బరువు దేనితో కట్టాలన్నది ఎవరూ మాట్లాడలేదు. రికార్డింగ్‌లో నాకు పడే బాధంతా అక్కడే.

జిమ్ ప్లేట్లు చాలామంది వాడతారు. చిన్న ప్లేట్ల రంధ్రం సాధారణంగా అంగుళం పైమాటే, బూమ్ కడ్డీ అంత లావు ఉండదు. ఆ ఖాళీలో ప్లేటు ఊగుతుంది, కిక్ డ్రమ్ కొట్టినప్పుడల్లా టకటకమంటుంది. ఆ చప్పుడు కడ్డీ గుండానే నేరుగా మైకు దాకా ప్రయాణిస్తుంది. షాక్ మౌంట్ కొంత ఆపుతుంది, అంతా ఆపదు. ప్లేటే వాడాలనుకుంటే కడ్డీకి రబ్బరు గొట్టం ముక్క తొడిగి ప్లేటుని దాని మీదికి బిగువుగా ఎక్కించండి. అటూ ఇటూ పైపు క్లాంపులతో బిగించండి. ఇనుముకి ఇనుము ఎక్కడా తగలకూడదు.

నాకు నచ్చింది మాత్రం వ్యాయామం చేసేవాళ్లు కాలి మడమకి చుట్టుకునే వెల్క్రో బరువులు. లోపల ఇసుకో ఇనుప రవ్వో ఉంటుంది. కడ్డీకి గట్టిగా చుట్టేస్తే చప్పుడు ఉండదు సరికదా, కడ్డీ కంపనాన్ని కూడా అవి మింగేస్తాయి. ముందుకీ వెనక్కీ జరిపి తూకం సరిచేసుకోవచ్చు. వెల్క్రో పాతబడితే పట్టు పోతుంది కాబట్టి పైన ఓ పట్టీ వెయ్యండి, కడ్డీ చివర జారిపోకుండా ఏదైనా అడ్డు పెట్టండి.

సీసం చిన్న జాగాలో ఎక్కువ బరువు ఇస్తుంది, ఇనుము కన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు. కానీ విషం. వట్టి చేతులతో రోజూ ముట్టుకునేది కాదు, వాడితే పైన గట్టి తొడుగు ఉండాలి. నీళ్ల సీసా వేలాడదీసే వాళ్లకి ఒకే మాట: ఊగుతుంది, గలగలమంటుంది, కింద కరెంటు వస్తువులు ఉంటాయి. వద్దు.

పాతబూమ్
వేలాడదీయడం అంటే గుర్తొచ్చింది. తాడుతో బరువు వేలాడగట్టినా లెక్క మారదు, తాడు కట్టిన చోటు నుంచే దూరం కొలవాలి. కానీ అది లోలకంలా ఊగుతుంది, ఊగినప్పుడల్లా కడ్డీని లాగుతుంది. కడ్డీకి అంటిపెట్టుకుని ఉండే బరువే మంచిది.

పాత సినిమా స్టూడియోల్లో మోల్-రిచర్డ్‌సన్ బూమ్‌లని ఉండేవి. చక్రాల బండి, దాని మీద మనిషి నిలబడే పలక, వెనక పెద్ద బరువు. నటుడు నడుస్తుంటే ఆపరేటరు చక్రం తిప్పుతూ కడ్డీని లోపలికీ బయటికీ జరిపేవాడు. మైకు దూరం వెళ్లే కొద్దీ తూకం మారుతుంది కదా, దాన్నీ సంభాళించాలి. మన స్టాండులో కడ్డీ పొడవు పెంచినప్పుడల్లా తూకం చెడిపోవడం కూడా అందుకే. సాగే కడ్డీ అయితే ఎంత సాగదీస్తారో ముందే తేల్చుకుని ఆ తర్వాత బరువు సర్దండి.

తీగలపని
ఇంకో సంగతి, ఇది తప్పకుండా చదవండి. పని అయ్యాక మైకుని ముందు విప్పకండి!

వెనక 1.43 కేజీలు అలాగే ఉంచి ముందు మైకు తీసేస్తే, రెండు వేళ్లతో బిగించిన క్లచ్ ఆ బరువుని ఆపలేదు. వెనక భాగం దబ్బున కిందికి, ముందు భాగం పైకి లేస్తుంది. ఆ పైకి లేచే చోట మొహం పెట్టుకుని మైకు విప్పుతూ ఉండేది మనమే. స్టాండు కూడా వెనక్కి తూగుతుంది. ఇందాకటి అంకెలతో భారం మధ్య బిందువు 11.6 సెం.మీ. వెనక్కి వెళ్తుంది. మైకు కింద ఒక కాలు ఉందంటే వెనక వైపు హద్దు 17.5. మిగిలింది ఆరు సెం.మీ. లోపే. కడ్డీ విసురుగా కదిలితే అది చాలదు.

పెట్టేటప్పుడు: కాళ్లు, ఇసుక సంచి, కడ్డీ, మైకు, ఆఖరున బరువు. కడ్డీని ఒకరు పట్టుకుని ఉండాలి. తీసేటప్పుడు దీనికి తలకిందులుగా. ఒక్కరే ఉంటే ముందు కడ్డీని నిలువుగా లేపి, నిలువు గొట్టాన్ని దించి, అప్పుడు ముట్టుకోండి. నిలువుగా ఉన్న కడ్డీకి అడ్డదూరం ఉండదు కాబట్టి ఏది తీసినా పెద్దగా విసురు రాదు.

గుసగుస
మధ్యలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నాది బల్లకి బిగించే స్ప్రింగ్ ఆర్మ్. పాడ్‌కాస్ట్ కోసం. దానికీ ఇలాంటి బరువు కట్టొచ్చా? నా మైకు తేలిక, ఆర్మ్ తనంతట తనే పైకి లేచిపోతోంది.

ఇనుపకడ్డీ
స్ప్రింగ్ ఆర్మ్‌లో వెనక బరువు చేసే పనిని స్ప్రింగ్ చేస్తుంది. అది ఒక బరువు పరిధికి తయారై ఉంటుంది. మైకుల మధ్య తేడా చూడండి: షూర్ ఎస్‌ఎం58 298 గ్రాములు, న్యూమన్ యు87 500, ఎలక్ట్రో-వాయిస్ ఆర్ఈ20 737, షూర్ ఎస్‌ఎం7బి 765. చిన్న న్యూమన్ కెఎం184 అయితే 80 గ్రాములే. 765కి సర్దిన స్ప్రింగ్‌కి 80 గ్రాములు తగిలిస్తే లేవక ఏం చేస్తుంది?

ఆర్మ్‌లో స్ప్రింగ్ బిగువు తగ్గించే మర ఉంటే ముందు అది వదులు చెయ్యండి. లేకపోతే బరువు కట్టాల్సింది వెనక కాదు, మైకు పక్కనే. చిన్న వెల్క్రో బరువు మైకు పట్టుకునే చోట ఆర్మ్‌కి చుట్టండి. మైకు ఒంటికి మాత్రం చుట్టకండి, షాక్ మౌంట్ రబ్బర్లు సాగిపోతాయి.

గుసగుస
చుట్టాను, నిలబడింది. థాంక్యూ 🙏

మూడోకాలు
ఎవరూ ప్రస్తావించనిది ఒకటి మిగిలింది. కడ్డీ పైకీ కిందికీ జారడమే కాదు, తన చుట్టూ తను తిరుగుతుంది కూడా. మైకు కడ్డీకి సూటిగా కాకుండా పక్కకి తిప్పి పెట్టినప్పుడు దాని బరువు కడ్డీని మెలితిప్పుతుంది. క్లచ్‌లో కడ్డీ తిరగకపోతే మైకు పట్టుకున్న మర విప్పుకుంటుంది. వెనక ఎంత బరువు కట్టినా ఇది ఆగదు. 5/8 అంగుళం నుంచి 3/8 అంగుళానికి మార్చే చిన్న అడాప్టర్ ఉంటే, ముందు వదులయ్యేది అదే. మైకుని పక్కకి వంచాలనుకుంటే మర బిగుసుకునే దిక్కుకే వంచండి. ఆ అడాప్టర్‌ని నాణెంతో గట్టిగా బిగించి ఉంచుకోండి.

కొత్తచెవి
అందరూ చెప్పినవన్నీ చేసి చూశాను. కాలు మైకు కిందికి వచ్చింది. కడ్డీని 15 సెం.మీ. వెనక్కి లాగడానికి చోటు సరిపోలేదు, 10 మాత్రమే కుదిరింది. అంటే ముందు 70, వెనక 40. ఇనుపకడ్డీ గారి లెక్క ప్రకారం మైకుది 63, కడ్డీది 9, మొత్తం 72, 40తో భాగిస్తే 1.8 కేజీలు. రెండు వెల్క్రో బరువులు చుట్టి ముందుకీ వెనక్కీ జరిపితే క్లచ్ వదులు చేసినా కడ్డీ ఉన్నచోటే ఉంది. పిడి దిక్కు కూడా మార్చాను. క్లచ్ వాషర్ నిజంగానే నున్నగా అద్దంలా ఉంది, అది మార్చాలి.

కానీ కేబుల్ తగిలించగానే మళ్లీ కొంచెం ముందుకు వాలింది. కేబుల్ మైకు నుంచి నేరుగా నేలకి వేలాడుతోంది.

నిశ్శబ్దం
అలా వేలాడినంత కేబుల్ బరువూ మైకు దగ్గరే పడుతుంది, మీ లెక్కలో అది లేదు. కేబుల్‌ని కడ్డీ వెంట వెనక్కి తీసుకెళ్లి, మూడు నాలుగు చోట్ల వెల్క్రో పట్టీ వేసి, క్లచ్ దాటాక వెనక వైపు నుంచి కిందికి వదలండి. అప్పుడు కిందికి వేలాడే భాగం మీ బరువుకే సాయం చేస్తుంది. క్లచ్ దగ్గర చిన్న మడత వదులుగా ఉంచండి, లేకపోతే కడ్డీ ఎత్తినప్పుడు కేబుల్ లాగుతుంది. మైకు దగ్గర కూడా కాస్త వదులు ఉండాలి. అక్కడ బిగువుగా ఉంటే నేల అదురు కేబుల్ ద్వారా షాక్ మౌంట్‌ని దాటి లోపలికి వచ్చేస్తుంది. నిలువు గొట్టానికి కింద ఒక పట్టీ వేస్తే ఎవరి కాలికైనా కేబుల్ తట్టుకున్నా ఆ లాగుడు పైదాకా పోదు.

ఇదంతా అయ్యాకే తూకం ఆఖరి సర్దుబాటు చెయ్యండి.

కొత్తచెవి
కేబుల్ వెనక నుంచి తీశాను. బరువుల్ని ఓ రెండు వేళ్ల వెడల్పు ముందుకు జరపాల్సి వచ్చింది. మైకు ఎత్తుకి టేపుతో గుర్తు పెట్టి మొత్తం సెషన్ నడిపాను, మైకు ఆ గుర్తు నుంచి కదల్లేదు. ఇసుక సంచి రేపు వస్తోంది. ఒకటి తెప్పించాను, రెండో ఓవర్‌హెడ్‌కీ కావాలి కాబట్టి ఇంకొకటి కూడా చెప్పాలి.

ఇసుకసంచి
రెండు అరలున్నది తీసుకోండి. జిప్పు పైన డబుల్ కుట్టు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే నెలకే నేలంతా ఇసుక.